వెళ్లిపోవడం నేర్పే మాస్టారు

టైర్ల కొట్టు పైన మేడగదిలో సాయంత్రం పూట ఇంగ్లీషు క్లాసులు చెప్పే మాస్టారిని అందరూ బొంగరం అనేవాళ్లు. అసలు పేరు బయట బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంది గానీ దాని మొహం చూసినవాళ్లు లేరు. ఆయన కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లూ లేరు. బల్ల దగ్గర మొదలుపెట్టిన వాక్యాన్ని కిటికీ దగ్గర ముగించేవాడు. వినేవాళ్లకు మెడలు పట్టేసేవి.

ఉద్యోగాల్లోనూ అదే వరస. ఎక్కడైనా ఏడాది దాటిందంటే ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేది. యజమాని మంచివాడైనా సరే, జీతం పెంచినా సరే, ఒకరోజు పొద్దున్నే కిటికీలోంచి అదే వీధి, అదే పాలబండి కనబడేసరికి ప్రాణం ఉసూరుమనేది. వెంటనే ఇంకో ఊరు వెతుక్కునేవాడు. దాన్ని ఎదుగుదల అని పిలుచుకునేవాడు కూడా. భార్య ఏ పేరూ పెట్టేది కాదు, గిన్నెలు గోనెసంచుల్లోకి సర్దేది. ఈ ఊరికి వస్తున్నప్పుడు మాత్రం సామాన్ల బండి ఎక్కబోతూ ఆగింది.

"ఇదే ఆఖరు. ఇంకోసారి వెళ్దామంటే మీరొక్కరే వెళ్లండి. నేను రాను."

"ఇక కదిలే ప్రసక్తే లేదు," అన్నాడు. ఆ క్షణాన నిజంగా నమ్మే అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

ఇక్కడ ఆమెకు కళ్లద్దాల షాపులో పని దొరికింది. వచ్చినవాళ్ల ముక్కు తీరు చూసి సరిపోయే ఫ్రేము చేతికివ్వడంలో త్వరలోనే చెయ్యి తిరిగింది. కాస్త ఇంగ్లీషు వస్తే కౌంటరంతా ఆమెకే అప్పజెప్తానన్నాడు షాపాయన. అందుకని మొగుడి క్లాసులోనే ఆఖరి బెంచీలో చేరింది. ఇంట్లో "ఏమండీ", క్లాసులో "సార్". మొదటిరోజు ఆయన "చెప్పండమ్మా" అనేసరికి క్లాసంతా పడీపడీ నవ్వింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమెకు తనదంటూ వెళ్లే చోటొకటి, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనుషులు నలుగురు ఏర్పడ్డారు. అది బొంగరానికి కనబడలేదని కాదు. కనబడింది, సంతోషించాడు, మర్చిపోయాడు.

ఏడాది నిండింది. పాలబండి రోత పుట్టించసాగింది. అంతలో దూరపు ఊరి నుంచి ఓ కాలేజీవాళ్లు ఫోన్ చేస్తే, వచ్చేస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాడు. తర్వాతి పని, ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పడం. ఆయన ఎప్పుడూ కింద వాటాలో ఉండే ఇంటివాళ్లకే ముందు చెప్పేవాడు, ఇంట్లో మనిషికి తర్వాత. ఇంటివాళ్లకు చెప్పేశాక ఇక వాదించడానికి ఏమీ మిగలదని ఆయన అనుభవం. ఈసారీ ఇంటావిడ చెవిన వేసి, భార్యకు ఎలా చెప్పాలా అని రెండురోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఈలోగా ఇంటావిడ ఊరుకుంటుందా? మెట్ల మీద మాస్టారి భార్య ఎదురుపడగానే, "నెలాఖరుకి వెళ్లిపోతున్నారటగా అమ్మా, మాస్టారు చెప్పారు," అంది. ఆ సంగతి ఆయనకు తెలీదు. ఆ సాయంత్రమే క్లాసు.

ఆరోజు పాఠం ఆయనకు ప్రాణంతో సమానమైనది. ఒక చోటునో మనిషినో విడిచి దూరంగా జరగడానికి ఇంగ్లీషువాళ్లు వాడే మాటలు. చిన్నమాటకు 'అవే' తగిలించి ఒకటి, 'ఆఫ్' తగిలించి ఒకటి, 'ఔట్' తగిలించి ఇంకొకటి. నోటితో అప్పజెప్తే ఒప్పుకునేవాడు కాదు, చేసి చూపించాలి. ఎవరికి ఏ మాట వస్తే వాళ్లు ఆ మాట తీరులోనే గుమ్మం దాటి వరండాలో నిలబడాలి, చప్పట్లు వినబడ్డాక లోపలికి రావాలి.

క్లాసుకొచ్చే నర్సుకు 'స్లిప్ అవే' వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా జారుకుంది.

"డ్యూటీ మధ్యలో టీకి ఇలాగే పోతాం సార్," అంది తిరిగొచ్చి.

వ్యాను డ్రైవరుకు 'బ్యాక్ అవే'. నోటితో రివర్స్ హారన్ మోగించుకుంటూ వెనక్కి నడిచి బెంచీని గుద్దాడు.

"అది పార్కింగయ్యా," అన్నాడు బొంగరం. "ఎదురుగా పామున్నట్టు దానిమీదే కన్నుంచి జరగాలి."

తర్వాత ఆఖరి బెంచీ కేసి చూశాడు. "మీకు 'వాక్ అవే' అమ్మా."

"వాక్ ఔట్‌కీ దానికీ తేడా ఏంటి సార్?" అనడిగింది నర్సు.

ఆయనకు హుషారొచ్చింది. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ చెప్పాడు. "వాక్ ఔట్‌లో కోపం ఉంటుంది. నేను పోతున్నానని నలుగురూ చూడాలని ఉంటుంది. వాక్ అవేలో అవేమీ ఉండవు. చెప్పాల్సింది అయిపోయింది, ఇక నాకిక్కడ పని లేదని నడిచిపోవడమే."

"వెనక్కి చూడొచ్చా సార్?" అంది భార్య.

"చూస్తే చెడిపోతుందమ్మా."

ఆమె లేచింది. పుస్తకం, నీళ్ల సీసా సంచిలో వేసుకుంది. సంచి భుజానికి తగిలించుకుని బెంచీల మధ్యనుంచి, ఆయన పక్కనుంచి, మొహంలో ఏ భావమూ లేకుండా నడిచి గుమ్మం దాటింది. క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు బొంగరమే.

"చూశారా? ఎక్కడైనా తడబడిందా? ఇదీ నడక," అన్నాడు పొంగిపోతూ.

చప్పట్లు ఆగాయి. ఆమె లోపలికి రాలేదు.

"మేడమ్ బాగా లీనమైపోయారు," అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. మరొకరికి ఇంకో ఇంగ్లీషు మాట ఇవ్వబోయి ఆఖరి బెంచీ చూశాడు. అందరూ సంచులు ఇక్కడే వదిలి వెళ్లారు, ఆమె మాత్రం తీసుకెళ్లింది. వరండాలోకి పరుగెత్తాడు. కింద వీధి మలుపులో ఆమె నడిచిపోతోంది, నింపాదిగా. ఊరు మారే సంగతి ఆమెకు తెలిసిపోయిందని అప్పుడర్థమైంది.

క్లాసు వదిలేసి కిందికి దిగేసరికి ఆమె కనబడలేదు. ముందు బస్టాండంతా వెతికి, అక్కడ్నుంచి ఇంటికి పరుగెత్తాడు. దారి పొడుగునా ఆయన కళ్లముందు ఖాళీ ఇల్లే కనబడింది. ఏ బంధువుల ఇంటికి పోయుంటుందా అని లెక్కలు వేసుకున్నాడు. కింద వాటా గుమ్మంలో ఇంటావిడ నిలబడి ఉంది.

"మీరొక్కరే వెళ్తున్నారటగా మాస్టారూ? మీ ఆవిడ ఇప్పుడే చెప్పింది, ఇల్లు తనే ఉంచుకుంటుందట. నాకూ అదే నయం, మళ్లీ ఎవర్నో వెతుక్కోక్కర్లేదు."

మెట్లెక్కి చూస్తే తలుపు తీసే ఉంది. గడప బయట ఆయన పెట్టె, దాని మీద మడత పెట్టిన దుప్పటి. లోపల ఆమె స్టవ్ దగ్గర నిలబడి కూర కలుపుతోంది. ఇల్లు ఎప్పటిలాగే ఉంది, గిన్నెలన్నీ అరల్లోనే ఉన్నాయి. ఇన్నేళ్లూ తను వెళ్తున్నాననుకున్నాడు గానీ, ఇంటిని వెంటేసుకునే తిరిగాడు. ఒంటరిగా వెళ్లడమంటే ఏమిటో ఆ పెట్టెను చూశాకే తెలిసింది. భయమేసింది.

"అన్నీ సర్దాను. ఆ ఊళ్లో చలెక్కువని ఇంటావిడ చెప్పింది, స్వెట్టరు పైనే పెట్టాను," అంది తిరక్కుండానే.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి గడప బయటే నిలబడి కాలేజీవాళ్లకు చేశాడు. "నేను రావడం లేదండీ. ఏమీ అనుకోకండి," అని చెప్పి పెట్టేశాడు.

ఆమె స్టవ్ ఆపింది. "నాకోసం అలా చెప్పకండి. ఇంకో ఏడాదికి మళ్లీ కాళ్లు లాగుతాయి."

లాగవు అందామనుకున్నాడు. చివరికి, "లాగుతాయి," అన్నాడు.

"అప్పుడు?"

"ముందు నీకు చెప్తాను. నువ్వు వద్దంటే... ఏం చేస్తానో నాకు తెలీదు."

ఆమె చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది, షాపులో ముక్కు కొలిచేటప్పుడు చూసినట్టు. తర్వాత పక్కకు జరిగి దారిచ్చింది.

"పెట్టె లోపల పెట్టుకోండి. విప్పకండి. ఎప్పుడు విప్పాలో నేను చెప్తాను."