పడమటి ఎండలో రాళ్ళు

మా ఆయన పోయాక అందరూ ఒకే మాట అన్నారు: నిద్ర పట్టేసి ఉంటుందని. ఓదార్పుగానే అన్నారు. నేను నమ్మలేదు. సాయంత్రం అయిదున్నరకు, ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ, టీ తాగిన మనిషికి నిద్ర పట్టదు. ముందు ఏమీ కనబడకపోయి ఉండాలి. అది తెలుసుకోవాలనే కారు నేర్చుకున్నాను.

ఆయన పనిచేసింది ఆకివీడులో. మా ఇల్లు వట్లూరులో. ఆకివీడు దాటాక చాలా దూరం రోడ్డు పడమరకే పోతుంది. దానికి రెండు పక్కలా చేపల చెరువులు, వాటి మధ్య అక్కడక్కడా మిగిలిన వరి. రెండో పంట దాళ్వా కోతల రోజుల్లో రైతులు ధాన్యాన్ని రోడ్డు మీదే ఆరబోస్తారు. తారు వేడికి తొందరగా ఆరుతుంది, కళ్ళాలకు ఎక్కడా జాగా లేదు. బళ్ళు ధాన్యం ఎక్కకుండా చుట్టూ పెద్ద రాళ్ళు పేరుస్తారు. ఆయన కారు అలాంటి రాయిని ఎక్కి చెరువులో పడింది.

మళ్ళీ కోతలు వచ్చాక, అదే వేళకు ఆ రోడ్డు మీద నెమ్మదిగా నడిపాను. ఎండకు అడ్డంగా అద్దం పైన ఉండే రేకు దించాను. సూర్యుడు దానికంటే కిందే ఉన్నాడు. చెరువు నీళ్ళ మీద నుంచి ఇంకో సూర్యుడు. అద్దం మీద సన్నటి దుమ్ము. నీడలో ఉన్నంతసేపూ కనబడని ఆ దుమ్ము, ఎండ తగలగానే తెల్లటి గుడ్డ కట్టినట్టయింది. రోడ్డు, ధాన్యం, రాళ్ళు అన్నీ ఒకే రంగు. కారు ఆపి, దిగి, నడిచి వెళ్ళి చూస్తేగాని మొదటి రాయి కనబడలేదు.

ఆయనకు నిద్ర పట్టలేదు. ఆ సంగతి తేలాక ఏడ్చాను. తరువాత, ఈ కోతలు అయ్యేలోగా ఆ రాళ్ళు అక్కడ ఉండకూడదని అనుకున్నాను.

మర్నాడు ఎండ దిగకముందే వెళ్ళాను. యాభై దాటిన రైతు కాళ్ళతో ధాన్యం తిరగేస్తున్నాడు. ఆయన భార్య గోనెలు దులుపుతోంది. నేనెవరో చెప్పాను. రైతు తలగుడ్డ తీసేశాడు.

"రాళ్ళు తీసేస్తారా అండీ?" అని అడిగాను.

"తీసేస్తే లారీలు ధాన్యం మీంచే పోతాయమ్మా. సగం టైర్లకే అంటుకుపోద్ది. అయినా ఇంతింత రాళ్ళు, కళ్ళున్నోళ్ళకి కనపడవా అండీ?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నాకు కోపం రాలేదు. "అయిదు దాటాక నాతో ఒకసారి కార్లో రండి," అన్నాను.

ఆయన మొహమాటపడుతుంటే భార్య అందుకుంది. "వెళ్ళండి, వెళ్ళండి. మీ చెల్లెలి పెళ్ళిలో కూడా కారెక్కించలేదని ఇప్పటికీ సణుగుతారుగా. ఆ కాళ్ళు మాత్రం కడుక్కోండి."

ఆకివీడు వైపు కొంత దూరం వెళ్ళి కారు తిప్పాను. ఎండ ముఖాన కొట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ ధాన్యం వచ్చినప్పుడు చెప్పండి," అన్నాను.

"చెప్తానండి. ఇంకా ముందుకెళ్ళాలి. మా తూము దాటాక... ఇంకా రాలేదమ్మా."

కారు మనిషి నడకంత వేగంలో ఉంది. ఒక కరెంటు స్తంభాన్ని ముందే గుర్తు పెట్టుకున్నాను. అది పక్కకు రాగానే ఆపేశాను.

"ఆపారేంటండీ?"

"దిగి చూడండి."

దిగాడు. కారు ముందు రెండు అడుగుల్లో రాయి ఉంది. దాన్ని కాలితో తాకి చూశాడు. తిరిగొచ్చి కిటికీ దగ్గర వంగాడు.

"పొద్దున నేనే పెట్టానమ్మా దీన్ని."

"తెలుసండి," అన్నాను. నిరుడు పెట్టింది ఎవరని అడగలేదు. అడగడానికి వెళ్ళలేదు.

భార్య వచ్చింది. సంగతి విని, "షెడ్లో పాత చేపల ప్లాస్టిక్ ట్రేలున్నాయి కదా, నీలం రంగువి. అవి పెట్టండి. నల్ల రోడ్డు మీద అల్లంత దూరానికి కనబడతాయి. గుద్దినా ట్రేయే ఎగురుద్ది," అంది.

"గాలికి పోతాయే!"

"అడుగున కాస్త ధాన్యం పొయ్యండి. అదీ నేనే చెప్పాలా?"

ఆ పూటే రాళ్ళు దొర్లించి గట్టు కిందకు తోశారు. నేనూ ఒక చెయ్యి వేశాను. ట్రేలు పెట్టాక మళ్ళీ దూరం నుంచి నడిపి చూశాను. ఎండ తగ్గలేదు, అద్దం తెల్లబడుతూనే ఉంది. కానీ ఆ తెలుపులో నీలం కనబడింది, ఆపడానికి చాలినంత ముందుగా.

మలుపు అవతల ఇంకో నలుగురి ధాన్యం ఉంది. రాళ్ళు తియ్యడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. ఒకతను, "మీ కళ్ళకి మేం పూచీయా అండీ?" అన్నాడు. మా రైతు ముందుకొచ్చి, "రేపు సాయంత్రం ఈవిడ కారెక్కు. తర్వాత మాట్లాడు," అన్నాడు.

ఇంటికి వచ్చి తడి కాగితంతో అద్దం తుడిచాను, బయటా, లోపలా. కారులో ఇంకా నలుగురికి చోటుంది. రేపు అయిదుకు అక్కడ ఉంటాను.