బొమ్మ కుందేలు, మా వాడి జుట్టు

దుబాయ్‌కి అవతల ఉమ్ అల్ క్వైన్ శివార్లలో మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, ఒక తోట ఉంది. అందులో నా పని మూడు వేటకుక్కలను చూసుకోవడం. పక్కటెముకలు బయటికి కనిపించే ఆ సన్నటి కుక్కలు చలికాలమంతా ఎడారిలో కుందేళ్లను తరిమేవి. కుక్కలతో వేటాడితే కేసవుతుందని చట్టం మారాక ఆ సంబరం ముగిసింది. కఫీల్ ముఖం మాడ్చుకున్నాడు. నాకు మాత్రం లోలోపల సంతోషమేసింది, వేట లేకపోతే సెలవు దొరుకుతుంది కదా అని. నేను వచ్చేదాకా కొడుకు పుట్టువెంట్రుకలు తీయించొద్దని ఇంట్లో గట్టిగా చెప్పి ఉన్నాను. వాడి జుట్టేమో భుజాల మీదికి వచ్చేసింది.

సెలవు అడిగితే కఫీల్ ఒక బొమ్మ కుందేలును నా చేతిలో పెట్టాడు. ఇక వేట లేదట, పందేలేనట. పికప్ వెనక ఈ బొమ్మను కట్టి లాగితే కుక్కలు దాన్ని తరమాలట.

“ఇస్కే పీఛే కుత్తా భాగేగా, తుమ్ ముల్క్ జాయేగా,” అన్నాడు. కుక్కలు దీని వెంట పరిగెత్తిన రోజే నాకు ఊరు.

మర్నాడు బొమ్మను లాగి చూశాం. మూడు కుక్కలూ దాన్ని ఒకసారి చూసి, నావైపు జాలిగా చూసి, కూర్చున్నాయి. వంటింట్లో పనిచేసే గోదావరి అక్క దగ్గర నా బాధ చెప్పుకున్నాను.

“దూది బొమ్మెనకాల పరిగెట్టడానికి అవేమన్నా ఎర్రి మొహాలా తమ్ముడూ? కాస్త మటన్ పులుసు రాయి,” అంది.

రాశాను. ఈసారి పరిగెత్తుకొచ్చాయి. బొమ్మను శుభ్రంగా నాకి, ఒక చెవి తినేసి, నీడలో పడుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

తాడు జారిపోతోందని ఇంకో రోజు కఫీల్ నన్నే పికప్ వెనక కూర్చోబెట్టి పట్టుకోమన్నాడు. బండి కదిలిందో లేదో, మూడూ చెవులు వాల్చి దూసుకొచ్చాయి. నేను వాటిని వదిలేసి వెళ్లిపోతున్నానని భయం. తిండి పెట్టేవాడు పోతుంటే ఎవరు ఊరుకుంటారు? ముందొచ్చిన ఆడకుక్క బొమ్మను తొక్కుకుంటూ బండిలోకి దూకి నా ఒళ్లో కూర్చుంది. కఫీల్ స్టీరింగ్ మీద దరువేస్తూ నవ్వాడు.

“అర్బాబ్, కుత్తా భాగా. అబ్ ఛుట్టీ?” అని సెలవు గుర్తుచేశాను.

ఆయన బొమ్మను చూశాడు, నన్ను చూశాడు. నేను ఊరెళ్తే కుక్కలు ఎవరి వెంట పరిగెత్తాలని అడిగాడు. పందేలన్నీ అయ్యాక చూద్దాం, ఖలాస్, ఇక మాట్లాడకు అన్నాడు.

సంగతి విని అక్క కడుపు పట్టుకుని నవ్వింది. “కుందేళ్లకైతే చట్టమొచ్చింది గానీ నీకు రాలేదు తమ్ముడూ.”

“నువ్వు నవ్వక్కా. నా కొడుకు నెత్తి ఎవలు చూస్తరు?” అన్నాను.

సాయంత్రం వీడియో కాల్ చేశాను. నా భార్య కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. ఒకటి అయిపోయింది, రెండోది సగంలో ఉంది. కుక్కల సంగతి చెప్పి, ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. ఆమె రెండో జడ కొసదాకా అల్లింది.

“రిబ్బన్లు ఏ రంగుయి తేవాల్నో అదన్న చెప్పుండ్రి,” అంది.