కిటికీ వదిన కంచం

మా వీధిలో మాంసం కొనేవాళ్లు ముందు మాంసాన్ని చూడరు, కిటికీని చూస్తారు. "ఇవాళ కిటికీ చూశావా?" అని ఒకరినొకరు అడిగి మరీ సంచి చేతపట్టుకుంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు ఈ మాట వింతగా తోస్తుంది. నాలుగు రోజులు గడిచేసరికి వాళ్లూ అలాగే అడగడం మొదలుపెడతారు.

మాంసం కొట్టుకు వీధివైపు ఒక తలుపు, ఒక కిటికీ ఉన్నాయి. తలుపులోంచి చూస్తే తెల్ల పలకలు పరిచిన గోడ, ఇనుప కొక్కేలకు వేలాడే గొర్రె తొడలు, ఏళ్ల తరబడి దెబ్బలు తిని నడుమ గుంటపడిన మొద్దు, ఆ మొద్దు వెనుక మోకాళ్ల దాకా తోలుగుడ్డ కట్టుకున్న యజమాని కనిపిస్తారు. కిటికీది వేరే కథ. నిలువెత్తు గాజు వెనుక చిన్న భోజనాల బల్ల, దాని చుట్టూ మూడు కుర్చీలు. మధ్యాహ్నం కాగానే యజమాని, ఆయన భార్య, ఆయన తండ్రి ఆ బల్ల దగ్గర కూర్చొని, వచ్చేపోయేవాళ్లందరూ చూస్తుండగా, తాము అమ్మే మాంసాన్నే వండుకొని తింటారు.

ఈ ఏర్పాటు తండ్రిగారిది. ఆయనను మేమందరం పెద్దాయన అంటాం. ఆయన వయసులో ఉన్న రోజుల్లో పక్క వీధి కొట్టొకటి నిలవ మాంసం అమ్మి, తిన్నవాళ్లను మంచాన పడేసింది. దానితో జనం మాంసం కొట్టు పేరు చెబితేనే మొహం తిప్పుకోసాగారు. పెద్దాయన వాదించలేదు, ఒట్లు పెట్టుకోలేదు. వంటింటి బల్లను స్వయంగా మోసుకొచ్చి గాజు పక్కన వేసి, భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకొని కడుపునిండా తిన్నారు. గిరాకీ తిరిగి వచ్చింది. బల్ల మాత్రం తిరిగి వంటింటికి వెళ్లలేదు. ఆ పని నాకు ఇప్పటికీ గౌరవించదగినదిగానే కనిపిస్తుంది. ఒకరి నిజాయితీ మరొకరికి సంకెల కావడానికి ఒక తరం చాలునన్న సంగతి అప్పుడు ఎవరికి తోస్తుంది?

ఆ బల్లకు ఒక కట్టుబాటు ఉంది. వీధికి ఎదురుగా ఉండే కుర్చీ ఇంటి ఇల్లాలిది. పెద్దాయన కుర్చీ దానికి ఎదుట, గాజుకు వీపు పెట్టి ఉంటుంది. యజమానిది మొద్దుకు దగ్గరగా, పక్కన. ఇల్లాలే ఎందుకంటే, కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో పెద్దాయన ఆమెకు చెప్పిన కారణం ఇది: "అమ్మేవాడు తన సరుకు ఎలాంటిదైనా నవ్వుతూనే తింటాడమ్మా. వాడి కంచాన్ని జనం నమ్మరు. ఆడమనిషి కంచాన్ని నమ్ముతారు."

అత్తగారు పోయాక ఆ కుర్చీ కోడలికి వచ్చింది. కుర్చీతో పాటు పేరూ వచ్చింది: కిటికీ వదిన. సగం ఊరి పిల్లల పేర్లు హాజరు వేసిన నాకే ఆమె అసలు పేరు తెలియదు. ఒకసారి జ్వరం వచ్చి ఆమె మేడ మీద పడుకుంటే, ఖాళీ కుర్చీని చూసి, ఆమెకు మాంసమే పడలేదేమోనని వీధంతా గుసగుసలాడింది. మరునాడు ఒళ్లు కాలుతుండగానే ఆమె కిందికి దిగి వచ్చి నాలుగు ముక్కలు తిని వెళ్లింది.

ఇక్కడ చిన్న పక్కదారి. మన భాషలో కర్త లోపించినా వాక్యం చక్కగా నడుస్తుంది. 'తిన్నాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. ఆ బరువంతా క్రియ చివరి ప్రత్యయం మోస్తుంది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నా భాష పొదుపును చూసి మురిసిపోయేవాణ్ని. కొట్టుకు ఎదురుగా ఉన్న మా మేడ మీద, నా ఒంటరి భోజనం దగ్గర కూర్చొని ఆమెను చూసిన తరువాతనే, లోపించిన కర్తకు ఎలా ఉంటుందోనన్న ఆలోచన మొదటిసారి కలిగింది. మేమిద్దరం రోజూ ఒకే వేళకు తినేవాళ్లం. ఆమె తలెత్తి ఒకసారి తల ఊపేది, నేనూ ఊపేవాణ్ని. మా పరిచయం చాలాకాలం అంతమాత్రమే.

కిందటి వేసవిలో ఆమె తల్లి కాలుజారి పడితే, సాయానికని పుట్టింటికి వెళ్లి కొన్ని వారాలుండి వచ్చింది. తిరిగి వచ్చిన మనిషి వేరు.

ఆమె చిన్నతనంలో ఆ ఊరి చుట్టూ గోధుమ, చిక్కుడు, బంగాళదుంప పండేవట. ఇప్పుడు కనుచూపుమేర మొక్కజొన్న. అది మనుషుల కోసం కాదు. ఊరి చివర రేకుల కప్పుల కింద బారులు తీరిన గొర్రెల కొట్టాల కోసం. ఆ పంటకు నీళ్లు తోడి తోడి తల్లిగారి పెరటి బావి అడుగంటింది. మిగిలిన కాసిని నీళ్లలోకి కొట్టాల పేడగుంట ఊట దిగింది. పచ్చగా, వాసన కొట్టే ఆ నీటిని తల్లి గుడ్డలో వడగట్టి, కాచి, చివరకు మొక్కలకు పోసి, తాగేందుకు నీళ్ల బండివాడి దగ్గర కొనుక్కుంటోంది. ఒక ఉదయం చేద పట్టుకొని నిలబడిన వదినకు ఆ కొట్టాల గేటు ముందు ఒక బండి ఆగడం కనిపించింది. జీవాలను ఎక్కించుకోవడానికి వచ్చిన ఆ బండి తమ కొట్టుదే.

వచ్చిన రోజే భర్తతో చెప్పింది. మాంసం కోసం వెళ్లిన నేను అప్పుడు మొద్దు దగ్గరే ఉన్నాను.

"ఏమండీ, ఇకమీదట నేను వారానికి ఒక్కసారే తింటాను."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్లు బాగానే ఉంది. మా అమ్మ బావే బాగాలేదు."

"బావి బాగాలేకపోతే బావి సంగతి చూడాలి గాని, కూర మానేస్తారా ఎవరైనా?"

"మానతానన్నానా? తగ్గిస్తానంటున్నా. కొట్టు మూసెయ్యమనలేదు, కత్తి పారెయ్యమనలేదు. నా కంచంలో ముక్కలు వెయ్యొద్దంటున్నా, అంతే."

యజమాని కత్తిని గుడ్డకు తుడిచారు. మంచి మనిషి, కోపం రాదు, వచ్చినా కత్తిని తుడుస్తారు. "నీ కంచమైతే నీ ఇష్టమే. అది కిటికీ కంచం. అయినా నువ్వు తినే నాలుగు ముక్కలు తగ్గితే ఆ బావి నిండుతుందా?"

"నిండదు. నాకూ తెలుసు. దాన్ని తోడేవాళ్లలో నేనుండను. అది చాలు నాకు."

మరునాడు ఆమె కంచంలో రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు ఉన్నాయి. ఆ రోజు వాన, ఎవరూ గమనించలేదనుకున్నాం. ఆ తరువాతి రోజు దర్జీ వచ్చాడు. మా వీధి దర్జీకి ఇతరుల బట్టల్లో వంకర కుట్టు, ఇతరుల ఇళ్లలో వంకర మాట వెంటనే కనిపిస్తాయి. తలుపు దాకా వచ్చినవాడు ఆగి, గాజు దగ్గరకు వెళ్లి ముక్కు ఆనించి చూసి, లోపలికి వచ్చాడు.

"వదినా, కంచంలో చిక్కుళ్లు తప్ప ఏమీ కనపడట్లేదే?"

"చిక్కుళ్లు తినాలనిపించింది మరిదీ."

"నిన్న కూడా అనిపించిందటగా? మా ఆవిడ చెప్పింది."

"నిన్న కూడా అనిపించింది."

దర్జీ మడిచిన సంచిని తిరిగి చంకలో పెట్టుకున్నాడు. "చిత్రం చూడు, నాక్కూడా ఇవాళ చిక్కుళ్లే తినాలనిపిస్తోంది" అని చక్కా వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆ మాట వీధి చివరి బేకరీ దాకా పాకింది. వారం తిరిగేసరికి కొక్కేల మీద తొడలు కదలకుండా వేలాడసాగాయి. యజమాని వాటిని కోసి వీధి కుక్కలకు వేయవలసి వచ్చింది. పెద్దాయన రోజూ పొద్దున్నే గాజును తడిగుడ్డతో తుడుస్తారు. ఆ వారం తుడవడం మానేశారు. "ఏం చూపించడానికి తుడవాలమ్మా?" అన్నారట కోడలితో.

అప్పుడు ఆమె చేసిన పని, ఆలోచిస్తే, చాలా సహజమైనది: నిజం చెప్పింది. కొట్టు గడప మీద నిలబడి, దర్జీని, బేకరీ ఆవిడను, అటుగా వచ్చిన నన్ను, ఆగిన మరో ఇద్దరు ముగ్గురిని పిలిచి, మాంసంలో ఏ లోపమూ లేదని, కొట్టాల వల్ల పాడవుతున్న నీటిని, నేలను చూసి తానే తగ్గించుకున్నానని చెప్పింది. 

"మాంసం బాగుంటే తినడానికి నీకేం నొప్పే?" అంది బేకరీ ఆవిడ.

"నొప్పి నాకు కాదక్కా. ఆ నేలకు."

"నేలా? నేల నీకు ఉత్తరం రాసిందా?"

"మాస్టారూ, మీరైనా చెప్పండి" అని వదిన నావైపు తిరిగింది. నేను గొంతు సవరించుకొని, ఒక గొర్రె పెరగడానికి కావలసిన మేతకు, ఆ మేత పెరగడానికి కావలసిన నీటికి, ఆ నీరు వచ్చే చోటికి ఉన్న సంబంధాన్ని ఒకే వాక్యంలో సమగ్రంగా వివరించబూనుకున్నాను. వాక్యం నిర్దుష్టంగానే సాగింది. సమాపక క్రియకు చేరుకునేసరికి బేకరీ ఆవిడ పొయ్యిలో రొట్టెలున్నాయంటూ వెళ్లిపోయింది.

దర్జీ మాత్రం జాలిగా తల ఊపాడు. "వదిన బంగారం. మొగుడి కొట్టు గుట్టు చెప్పలేక, పాపం, నెపాన్ని భూమి మీదకు తోసేస్తోంది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆమెకు అన్ని తలుపులూ మూసుకుపోయాయి. ఆమె తినకపోతే మాంసం చెడ్డది. ఎందుకు తినడం లేదో చెబితే మరీ చెడ్డది. కుర్చీలో కూర్చోకపోతే ఇక చెప్పనే అక్కర్లేదు. మాంసం మంచిదేనని ఆ వీధికి అర్థమయ్యే భాష ఒక్కటే ఉంది, అది నమలడం.

నమిలింది. నేను మేడ మీదినుంచి చూశాను. ముక్క నోట్లో పెట్టుకొని, వీధిని చూస్తూ, చాలాసేపు నమిలేది. తల ఎత్తేది గాని, నాకు తల ఊపేది కాదు. గిరాకీ మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. ఆమె పడుతున్న యాతన చూడలేక భర్త, దారిలో ఎవరూ లేని క్షణం చూసి, ఆమె కంచంలోని ముక్కలను గభాలున తన కంచంలోకి వేసుకోవడం మొదలుపెట్టారు.

"నేను వదిలేసింది మీరు తింటే, ఆ నేలకు మిగిలిందేమిటండీ?" అని ఆమె అడిగింది.

"నేలకు మిగల్లేదులే. నీ మాటైనా నీకు మిగులుతుందని."

ఆ ప్రేమ కూడా ఆమెకు పనికిరాలేదు. ఆ సంగతి తరువాత నాతో చెప్పేటప్పుడు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఒక రహస్యం చెప్పాలి. పెద్దాయన నోట్లో ఎప్పటినుంచో ఒక్క పన్ను లేదు. మాంసం పరీక్ష పెట్టిన ఆ మహానుభావుడే ఏళ్ల తరబడి ముక్క ముట్టలేదు. వీధికి కనిపించేది ఆయన విశాలమైన వీపు. ఆ వీపు చాటున ఆయన తినేది రసంలో నానిన రొట్టె. ఆ రొట్టెను రోజూ నానబెట్టి పెట్టేది కోడలే. ఒకనాటి ఉదయం, గిన్నెలో రొట్టె తుంచుతూ ఆమె అడిగింది:

"మామయ్యా, మీ కుర్చీ నాకివ్వండి."

"అందులో ఏముందే? వీధైనా కనపడదు. ఎదురుగా గోడ."

"వీధికి నేనూ కనపడను కదా."

పెద్దాయన గిన్నెను పక్కకు జరిపారట. "నా పళ్ల సంగతి తెలిసే అడుగుతున్నావు."

"తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మీరు కుర్చీ ఇవ్వకపోయినా చెప్పను."

ఆ చివరి మాటే ఆయనను కదిలించిందని నా నమ్మకం. బెదిరించి ఉంటే ముసలాయన మొండికేసేవారు. "ఇన్నాళ్లూ ఈ వీపు వెనకాల నేను హాయిగా రొట్టె నాన్చుకు తిన్నా. నిన్నేమో అద్దం ముందు కూర్చోబెట్టా" అని గొణిగి, "సరే, ముక్క మాత్రం మెత్తగా ఉడికించు తల్లీ. నా పరువు నీ చేతుల్లో ఉంది" అన్నారు.

ఆ మధ్యాహ్నం కుర్చీలు మారడం చూసి వీధి ఆగిపోయింది. దర్జీ చేతిలో కత్తెరతోనే బయటికి వచ్చాడు. పెద్దాయన ముక్కను నోట్లో వేసుకున్నారు. దవడలు కదిలాయి, బుగ్గలు లోపలికి పోయాయి, బయటికి వచ్చాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరకు గుటక పడింది. వీధివైపు చూసి బోసినోరు తెరిచి నవ్వారు.

 దర్జీ గావుకేక పెట్టాడు: "ఒరే నాయనా! ఒక్క పన్ను లేని పెద్దాయనే మింగేశాడంటే, ఆ మాంసం వెన్నే!"

ఆ సాయంత్రం వరస బేకరీ దాకా సాగింది. కొక్కేలు ఖాళీ అయ్యాయి. అంత గిరాకీ ఆ కొట్టు ఎన్నడూ చూడలేదు. వారానికి ఒకసారి కొట్టాలకు వెళ్లే బండి ఇప్పుడు రెండోసారి కూడా వెళుతోంది.

ఆ సంగతి తెలిశాక ఒకనాడు ఎముకలు కొనే నెపంతో వెళ్లి, మళ్లీ పాత కుర్చీలోకి వస్తారా అని వదినను అడిగాను. ఆమె మొద్దును ఉప్పుతో రుద్దుతోంది.

"వచ్చి తింటే నా ముక్కలు నాకు మళ్లీ వస్తాయి. వచ్చి తినకపోతే కొట్టు పడిపోతుంది. ఇక్కడే ఉంటే బండి ఇంకోసారి వెళ్తుంది. ఎటు తిరిగి కూర్చున్నా బల్ల అదే కదా మాస్టారూ" అని రుద్దడం కొనసాగించింది.

వారానికి ఒకసారి, అన్న మాట ప్రకారం, ఆమె మాంసం తింటుంది, ఇష్టంగానే తింటుందట. దాన్ని చూసేవాళ్లే ఇప్పుడు ఎవరూ లేరు.

నిన్న మధ్యాహ్నం అలవాటు కొద్దీ నేను కిటికీ వైపు తల ఊపాను. తనకే అనుకొని పెద్దాయన, నములుతూనే, తిరిగి తల ఊపారు. ఆయన ముందు నాకు కనిపించింది ఆమె జడముడి, వంగిన మెడ, చెంచా పట్టుకున్న మోచేయి. అప్పుడే కింద కొట్టాలకు వెళ్లే బండి బయలుదేరింది. ఆ చప్పుడుకు మోచేయి గాలిలో ఆగింది. బండి వీధి మలుపు తిరిగి, చప్పుడు పూర్తిగా సద్దుమణిగే దాకా అలాగే ఉండి, ఆమె వెనక్కి తిరగకుండా చిక్కుడు గింజలను నోటికి అందించుకుంది.