పప్పుకు మాత్రమే మంచినీళ్ళు

సకల ప్రాణులకు ఆధారమైన జలాధిదేవతకు నమస్కరించి, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర కార్తిక బహుళ విదియ నాడు, మదనపల్లెలో మా ఇంటి వసారాలో కూర్చుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఆ రోజుల్లో పట్టా చేతికి వచ్చిన ప్రతి యువకుడూ లోకం తన చేత బాగుపడటానికే కాచుకుని ఉన్నదని నమ్మేవాడు. నేను మరికాస్త గట్టిగా నమ్మాను. తాతగారి వద్ద ప్రబంధాలూ, కళాశాలలో రసాయనశాస్త్రమూ చదువుకున్న నాకు నీటిశుద్ధి ప్లాంట్లు నిలబెట్టే ఒక సంస్థలో కొలువు దొరికింది. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో బోరునీటిలోని ఫ్లోరైడును తీసివేసే ప్లాంటు పెట్టాము. ఊరివాళ్ళు ఆ నీరు వాడుతున్నారని ఊరిపెద్ద రాసిచ్చిన కాగితం తెస్తేనే నా ఉద్యోగం ఖాయమనీ, తేకుంటే నెలాఖరుకు ఇంటికి పోవచ్చుననీ మా పెద్దసారు సెలవిచ్చారు.

ప్లాంటు నిలబెట్టడం సులువే. (సులువే అంటున్నాను గాని, కరెంటు ఉన్నవేళ ఆపరేటరు ఉండడు, ఆపరేటరు వచ్చినవేళ కరెంటు ఉండదు.) ఆ నీటిని మనుషుల చేత తాగించడమే బ్రహ్మప్రళయమైంది. ఊరిపెద్దను అందరూ మీసాలప్ప అనేవారు. ఆయన మొదటిరోజే గ్లాసెడు నీళ్ళు పుక్కిట పట్టి, సరిగ్గా నా చెప్పుల పక్కన ఉమ్మేశాడు.

"ఇవేం నీళ్ళప్పా, సప్పగా ఉండాయి! మా బోరునీళ్ళు గొంతులో దిగతాంటే, దిగతాండాయని తెలస్తాది."

నేను లేచి ఉపన్యాసం అందుకున్నాను. ఫ్లోరైడు వలన కలిగే దంతవైవర్ణ్యమూ, అస్థివికారమూ, సంధిబంధాల శైథిల్యమూ అరగంటసేపు వర్ణించాను. జనం చేతులు జోడించి మరీ విన్నారు. అంతా అయ్యాక మీసాలప్ప లేచి, "మంత్రాలు శానా బాగా సదివినావు అయ్యోరా. పెండ్లి ఎవురికి?" అన్నాడు.

మరునాడు ప్లాంటు వెనుక కాలువలోకి పారుతున్న ఉప్పునీటిని చూపి నిలదీశాడు. "సగం నీళ్ళు పారబోస్తాండావు, యాల? వానలే లేని సీమలో ఇదేం పాపమప్పా?" వడపోత పొర గుండా రాలేని నీటిని బయటికి తోసివేయక తప్పదని చెప్పాను. ఉచితంగా ఇస్తామన్నా ఒక్క బిందె నిండలేదు. తొట్టెడు శుద్ధజలం పక్కన కూర్చుని, నేను ఒక్కణ్ణే రోజంతా తాగుతూ, మూడువారాలు గడిపాను.

నెలాఖరు రెండు రోజులుందనగా బోరు కుళాయి పైపు పగిలింది. వేరే గతిలేక మీసాలప్ప ఇల్లాలు మా తొట్టినుంచి ఒక బిందె పట్టుకుపోయింది. ఆ ఊళ్ళో కందిపప్పును పొయ్యిమీద ఎక్కించి, చేనికిపోయి గడ్డి కోసుకువచ్చాక దించడం ఆచారం. బోరునీళ్ళలోని ఉప్పుల గడుసుతనానికి అది అంతకుముందు మెత్తబడదు. ఆమె అలవాటు ప్రకారమే గడ్డికి పోయింది. గంట తర్వాత పప్పుకుండను చంకనెత్తుకుని నా మీదికి వచ్చింది.

"ఏం మందు కలిపినావు అయ్యోరా? గడ్డి కోసకచ్చేలోపల పప్పు పాయసమైపాయ! పప్పుగుత్తితో ఎనిపేదానికి ఒక్క బద్దన్నా మిగల్లేదే!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇక కాగితం రాదు, కొలువూ ఉండదు అనుకున్నాను. వెంట వచ్చిన మీసాలప్ప కుండలో వేలు ముంచి నాకాడు. నేరుగా ఇంటికి నడిచి, సంగటి పెట్టించుకుని, రెండు ముద్దలు తిని, "ఒసే, ఇన్నేండ్లకు పప్పు సేసేది నేర్సినావే!" అన్నాడు.

"నాకు తెలీక కాదు, నీ బోరుకు తెలీక!" అని ఆమె మూతి తిప్పింది.

తెల్లవారేసరికి కుళాయి పైపు బాగైనా, పప్పు సంగతి ఊరంతా పాకి, ప్లాంటు ముందు బిందెల బారు. పొంగిపోయి కాగితం పట్టుకెళ్ళాను. మీసాలప్ప నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం చెక్కినట్టు రాశాడు: "ఈ నీళ్ళు పప్పుకు శానా బాగుండాయి. తాగేదానికి మాకు బోరు ఉండాది."

ఆ రెండో వాక్యం కొట్టివేయమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "అబద్ధానికి సంతకం పెట్టమంటావా అయ్యోరా?" అని కలం మూసేశాడు.

పెద్దసారు అప్పుడు కుప్పం సైటులో ఉన్నారు. బస్సెక్కి పోయి కాగితం చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి తలపట్టుకున్నారు. "నిన్ను పంపింది ఫ్లోరైడు తీయడానికా, పప్పు ఉడకబెట్టడానికా?" దిక్కుతోచక, "పప్పులో పోసిన నీళ్ళు కూడా కడుపులోకే పోతాయి కదండీ" అన్నాను. ఆయన కాగితం మడిచి నా చేతికే ఇచ్చి, "ఆ ముక్కే రిపోర్టులో రాయి. నీ గ్రాంథికంలో రాయి, పైవాళ్ళకు అర్థం కాదు" అన్నారు.

అరగంట ఉపన్యాసంతో తరతరాల నాలుకను మార్చగలనని నమ్మిన ఆ బక్కపలుచని యువకుడి మీద ఇప్పుడు నాకు కోపం రాదు. ఎదురుపడితే కూర్చోబెట్టి, ఇంత పప్పూ సంగటీ పెట్టాలనిపిస్తుంది.

పార్థివ నామ సంవత్సర భాద్రపద శుద్ధ తదియ నాడు నా ఉద్యోగం ఖాయమై, కుప్పానికి బదిలీ అయింది. పుంగనూరు దగ్గరి ఆ ప్లాంటు వడపోత పొర పాడయ్యేదాకా నడిచింది. దాన్ని మార్చడానికి ఎవరూ రాలేదు.