ఆధారం ఎక్కడ?

విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఆధారం లేని వాక్యం కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎం.ఏ. చివరి ఏడాది చదివే అమ్మాయి ఒకతె తమ ఊరు ఊరిగాంలోని కేజీఎఫ్ బంగారు గనుల మీద రాస్తూ, "గనులు మూసి ఇన్నేళ్ళయినా కింద షిఫ్టు ఆగలేదు" అని రాసింది. పక్కన ఎర్ర సిరాతో "ఆధారం ఎక్కడ? కట్టుకథలు వద్దు" అని రాసి తిప్పి పంపాను.

మరునాడే నా గదికి వచ్చింది. "ఆధారం మా ఇంట్లో ఉండాది మేడం. ఒకసారి రాండి."

వెళ్ళాను. గని కంపెనీ ఒకప్పుడు కార్మికులకు కట్టిచ్చిన పాత ఇల్లు. వాళ్ళ అవ్వ స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగలకుండా మధ్య మధ్య గుడ్డముక్కలు పెట్టి గూట్లో సర్దుకుంది. నాకు నవ్వొచ్చింది. మధ్యాహ్నం రెండు కావస్తుంటే అవ్వ లేచి ఆ గుడ్డలన్నీ తీసేసింది. కాసేపటికి గ్లాసులు సన్నగా మోగడం మొదలుపెట్టాయి. బయట గాలి లేదు, లారీ లేదు.

"రెండో షిఫ్టోళ్ళు దిగినారమ్మా" అంది అవ్వ మామూలుగా.

వారానికి రిపోర్టు మళ్ళీ వచ్చింది. ఆ వాక్యం అలాగే ఉంది. దాని కింద ఆధారంగా నా పేరుంది. కొట్టేద్దామని ఎర్ర పెన్ను తీశాను. చెయ్యి రాలేదు.