నాయనమ్మ ఎక్కాల్సిన ఓడ

మా తాతయ్య ఉద్యోగమంతా దూరప్రయాణాల బస్సు నడిపాడు. నాయనమ్మ మాత్రం ఒక్కసారి కూడా ఆ బస్సు ఎక్కలేదు. సొంత మనిషి బండిలో ఉంటే చూపు రోడ్డు మీద నిలవదని ఆయన వాదన. నాయనమ్మ అందానికి అంత శక్తి ఉందని నేననుకోను గానీ, ఆవిడ ఆ మాటకే పొంగిపోయి ఇంట్లో ఉండిపోయింది.

ఆయన రిటైరయ్యేసరికి ఆవిడ మంచం పట్టింది. గుండె బాగా అలసిపోయిందనీ, ఇంట్లోనే దగ్గరుండి చూసుకోమనీ డాక్టరు చెప్పాడు. ఆ మాటకు అర్థమేమిటో అందరికీ తెలిసింది, ఆవిడతో సహా.

ఒకరోజు బడి ఎగ్గొట్టి, మంచానికెదురుగా ఉన్న టీవీలో అంతరిక్షం ఆట ఆడుతున్నాను.

"అందులో మనుషుల్ని ఎక్కించుకునే బళ్లు లేవుటే?" అంది నాయనమ్మ.

"ఉన్నాయి. గొప్పోళ్ల కోసం విలాస ఓడలు."

"అయితే మీ తాతని నడపమను, నేనెక్కుతా. అక్కడ రోడ్డే లేదుగా, చూపు ఎటుపోతే ఏం?"

తాతయ్య ఓడను ఎంచుకోవడానికే బోలెడు రోజులు పట్టింది. అన్నిటికన్నా పెద్దది చూపిస్తే, "ఇది హోటలే, బండి కాదు" అన్నాడు. వేగంగా పోయేదాన్ని చూసి, "ఆ కుదుపులకి ముసలిదాని ఎముకలు ఏరుకోవాలి" అన్నాడు. సీటు వీపు వంపు చూడాలని ప్రతి ఓడలోనూ నన్ను గదిగదికీ తిప్పాడు.

"నన్ను చేసుకునేటప్పుడు ఇంత చూళ్లేదు" అంది నాయనమ్మ.

"చూసుంటే ఇలా ఎందుకవుతుంది" అన్నాడాయన.

చివరికి ఒక తెల్లటి చిన్న ఓడ నచ్చింది. నడిపేవాడి పక్కనే ఇంకో సీటు, ముందంతా అద్దం. ఆ మధ్యాహ్నం నాయనమ్మ నాచేత తల దువ్వించుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చుంది. తాతయ్యేమో చక్రాల బల్ల మీది టీవీని ఆవిడకి తెర కనబడకుండా అటువైపు తిప్పేశాడు.

"కొత్త బండి. ఖాళీగా నడిపి బ్రేకు చూసుకోకుండా మనిషిని ఎక్కించను."

"ఇది ఆట తాతయ్యా. గుద్దినా ఎవరూ చావరు."

"ఎక్కేది మీ నాయనమ్మ."

డిపోలో అందరూ నవ్వినా కొత్త బస్సుకి ఆయన అలాగే చేసేవాడు. సాయంత్రందాకా ఓడను ఆటలోని అంతరిక్ష స్టేషన్ గోడలకి రాస్తూ, గుద్దుతూ నేర్చుకున్నాడు. నాయనమ్మ టీవీ వెనకభాగాన్నీ, మా మొహాల్నీ చూస్తూ కూర్చుంది.

"కుదిరిందా?" అంది కాసేపటికి.

"రేపు తీసుకెళ్తా."

"సరేలే. ఇన్నాళ్లు ఆగినదాన్ని."

తెల్లారి ఆవిడ లేవలేదు.

చుట్టాలంతా వెళ్లిపోయాక, తాతయ్య మళ్లీ ఆ ఓడ తీశాడు. ఒక్క గీత పడకుండా స్టేషన్లో దింపాడు. ఎక్కడానికి గొప్పోళ్లు సిద్ధంగా ఉన్నారని తెర మీద అక్షరాలు వెలిగాయి.

"ఎక్కించుకోమంటావా?" అన్నాను.

ఆయన ఆ పక్క సీటుకేసే చూస్తున్నాడు.

"వాళ్లకి వేరే బండి చూడు, అమ్మా" అన్నాడు.