ఉర్సులా దించిన బండి

ముత్యాల రేవు బ్రూమ్‌కు ఉత్తరాన, ఎర్రమట్టి దారి చివర, పాదిరీలు కట్టిన ఆ మిషన్ పల్లెలో బండి ఎంత ఎత్తుగా ఉంటే మగవాడికి అంత మర్యాద. నాలుగు చక్రాలూ లాగే పాత బండి ఒకటి చేతికొస్తే చాలు, ముందు స్ప్రింగులు మార్చి పైకి లేపుతాడు. తర్వాత ఎద్దుల్లాంటి టైర్లు వేస్తాడు. పెళ్లాం ఎక్కగలదా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. అలాంటి ఊళ్లో ఉర్సులా, అప్పటికే ఎవరో లేపి పెట్టిన బండిని కొని తెచ్చి, పనిగట్టుకుని కిందికి దించింది. ఊరు నవ్వుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ఉర్సులాకు యాభై దాటాయి. తాత ముత్యాలు ఏరే పడవల మీద పనికి వచ్చిన మలయా మనిషి, అమ్మమ్మ ఈ నేల మనిషి. మిషన్ గ్యారేజీలో తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకుంది, ఆయన పోయాక ఆ గ్యారేజీ తనే నడుపుతోంది. మాట తక్కువ. ఇంజను కింద పడుకున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే చెప్పులు మాత్రం కాస్త కదులుతాయి, అదే జవాబు.

ఆమె తల్లికి అక్క ఫిలొమీనా. ఉర్సులాకు పెద్దమ్మ. ఎనభై దాటిన మనిషి, రెండు మోకాళ్లూ పాడయ్యాయి గాని నోరు నిక్షేపంగా ఉంది. ఊరికి పడమర, ఇసక దిబ్బలకు అవతల ఉన్న తీరం వాళ్ల కుటుంబానిది. అందరూ దాన్ని పాత బావి అంటారు. దాని అసలు పేరు సరిగ్గా పలికేది ఇప్పుడు ఫిలొమీనా ఒక్కతే. ఆ తీరానికి మొదటిసారి వచ్చిన పిల్లలు ఊరికే నీళ్లలోకి దిగకూడదు. ఇంటి పెద్ద ముందుగా ఇసక మీద కాలు పెట్టి, ఆ నేలలో కలిసిన పాతవాళ్లను గట్టిగా కేకేసి పిలిచి, ఫలానావాళ్ల బిడ్డలు వచ్చారు, చూసుకోండి అని చెప్పాలి. అప్పటిదాకా గాలం కూడా వెయ్యరు. ఫిలొమీనా కొడుకు కాస్మస్‌కు నలుగురు పిల్లలు. ఆ నలుగురినీ పాత బావికి ఇంకా ఎవరూ పరిచయం చెయ్యలేదు. చెప్పే నోరు ఊళ్లో ఒక్కటే మిగిలింది, దాన్ని అక్కడిదాకా మోసుకెళ్లే మోకాళ్లు లేవు.

నిరుడు కాస్మస్ తన బండిలో తీసుకెళ్లబోయాడు. ఊళ్లో అందరికన్నా ఎత్తు బండి అతనిదే. అతనూ ఇంకో ఇద్దరూ కలిసి తల్లిని చంకల కింద పట్టి లేపారు. లంగా డోరుకు పట్టుకుని చిరిగింది. ఎవరో నవ్వారు. ఫిలొమీనా నవ్వలేదు.

"దించండ్రా," అంది. "వేటలో పట్టిన తాబేల్ని పడవలోకి ఎత్తినట్టు ఎత్తుతారేంటి? మావాళ్ల ముందు నన్నిట్టా దించుతారా? నా కాళ్ల మీద నేను దిగితేనే నా మాట వింటారు వాళ్లు."

ఇంటికెళ్లి తలుపేసుకుంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఉర్సులా టౌనుకెళ్లి, గనుల్లో పనిచేసే ఒక కుర్రవాడు అమ్మకానికి పెట్టిన పాత ల్యాండ్‌క్రూజర్ తెచ్చింది.

ఆ కుర్రవాడు దానికి చెయ్యని సింగారం లేదు. ఎత్తు స్ప్రింగులు, ముందు ఇనప కడ్డీల చట్రం, దానికి తాడు చుట్టి బండిని లాగే వించి, పైన సామాన్ల చట్రం, దాని మీద వరసగా లైట్లు. డోరు తీస్తే బండి అడుగు ఉర్సులా నడుము దాకా వచ్చేది. ఉర్సులా దాన్ని షెడ్డులో పెట్టి ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టింది. కాస్మస్ కుర్చీ తెచ్చుకుని, టీ గ్లాసు పట్టుకుని చూడ్డానికి కూర్చున్నాడు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. పులిలాంటి బండిని తెచ్చి పీట చేస్తన్నావక్కా," అన్నాడు.

"పైన లైట్లు నీకు కావాలా, వద్దా?"

"కావాలి."

"అయితే నోరు మూసుకుని ఆ స్పానరందుకో."

అందించాడు. అందిస్తూనే అసలు మాట కూడా అన్నాడు. కాస్మస్ వాగుడుకాయే గాని వెర్రివాడు కాడు.

"అది కాదక్కా, పాత బావి దారి చూసేవా? మా చక్రాలు తిరిగి తిరిగి గాడులు మోకాలి లోతయ్యాయి. నడిమధ్యన ఇసక మిట్ట లేచింది. ఇంత కిందికి దించేవనుకో, పొట్ట దాని మీద ఆని కూర్చుంటది నీ బండి. చక్రాలు ఊరికే గాల్లో తిరుగుతాయి."

"ఆ గాడులు తవ్విందెవర్రా?"

కాస్మస్ టీ తాగాడు.

అతను చెప్పింది నిజమే, ఆ సంగతి ఉర్సులాకు అతనికన్నా ముందే తెలుసు. బండి దించితే పెద్దమ్మ ఎక్కుతుంది గాని దారి ఎక్కనివ్వదు. లేపితే దారి ఒప్పుకుంటుంది, పెద్దమ్మ ఒప్పుకోదు. ఈ రెంటి మధ్యన ఉర్సులా నెలల తరబడి ఆ బండి కింద పడుకుంది. ఎత్తు స్ప్రింగులు తీసి బండిని దించింది, ఇసకలో కూరుకోకుండా బరువు తగ్గించింది. చట్రాలు, వించి తీసేసింది. కిందికి వేలాడుతున్న రెండో డీజిల్ ట్యాంకు తీసేసింది. పొగ గొట్టాన్ని కోసి, పైకి, పక్కకి జరిపి అతికింది. ఇక బండి కింద ఇసకకు తగులుకునే మూల ఒక్కటీ మిగలకూడదు. దానికి నున్నటి రేకు కావాలి. ఇంటి వెనక తండ్రి చేపలు పట్టిన అల్యూమినియం పడవ ఓటిపోయి బోర్లా పడి ఉంది. చాలాసేపు దాని పక్కన నిలబడి, తర్వాత రంపం తెచ్చింది. పడవ అడుగు బండికి అడుగైంది. కోస్తున్నప్పుడు ఏడ్చిందని కాస్మస్ పెళ్లాం చెప్పింది. ఏడ్చే ఉంటుంది, ఆ పడవలోనే ఆమె ఈత నేర్చుకుంది.

మెట్టు సంగతి ఇంకా కష్టం. పెద్దమ్మను అడిగితే అభిమానపడుతుంది. అందుకని ఉర్సులా రోజూ సాయంత్రం అన్నం, వేయించిన చేప పట్టుకుని ఫిలొమీనా వసారాకు వెళ్లి కూర్చునేది. మాట్లాడేది కాదు. పెద్దమ్మ ఏ కాలు ముందు వేస్తోంది, ఎంత ఎత్తు మెట్టు దగ్గర ఆగుతోంది, ఇవే చూసేది. ఇంటికొచ్చి నీళ్ల పైపు వంచి మెట్టు చేసింది. డోరుకు ముందువైపు స్తంభానికి, అన్ని బండ్లకూ ఉండే చోటే, పట్టుకోను పిడి పెట్టింది.

ఫిలొమీనా ఏమీ ఎరగనట్టు ఒక పొద్దున షెడ్డుకు వచ్చింది. బండి చుట్టూ తిరిగింది. మెట్టు మీద కాలు పెట్టింది. పిడి పట్టుకుని లేవబోయి, లేవలేక, కాలు కిందపెట్టి, "ఎండగా ఉందే," అని వెళ్లిపోయింది.

ఆ పూట ఉర్సులా అన్నం ముట్టలేదు. ఆ మెట్టు మీద తనే ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. అప్పుడు గుర్తొచ్చింది, పెద్దమ్మ వసారా మెట్లెక్కేటప్పుడు కుడిచేత్తో కటకటాలు పట్టుకుంటుంది. ఎడమ భుజం ఏనాడో జారి సరిగ్గా అతకలేదు. ఇక్కడేమో పిడి ఎడమచేతికి వస్తోంది. కాళ్లను చూసింది గాని చేతుల్ని చూడలేదు. ఇన్నేళ్లు పనిచేసి ఇంత తెలివితక్కువ పని చేశానేమిటని తనను తాను తిట్టుకుని, డోరుకు వెనకవైపు స్తంభానికి కుడిచేతి కింద ఇంకో పిడి అతికింది. గట్టిదో కాదో తెలియడానికి కాస్మస్‌ను దానికి వేలాడమంది. వేలాడాడు.

ఫిలొమీనా మళ్లీ వచ్చింది. ఎక్కింది. సీట్లో సర్దుకుని, డోరు తనే లాక్కుంది.

"టీ ఇక్కడికే తెప్పించు," అంది. పొద్దు వాలేదాకా దిగలేదు.

వానలకు ముందు ఉక్కపోతలో, ఇసక బాగా పొడిగా, పిండిలా ఉండే రోజుల్లో బయలుదేరారు. ఆగితే వానలు దారి మూస్తాయి, మళ్లీ ఎండాకాలం దాకా ఉంటానో ఉండనో అని ఫిలొమీనా తేల్చి చెప్పింది. ఉర్సులా నడుపుతోంది, పెద్దమ్మ పక్కన, పిల్లలు నలుగురూ వెనక. కాస్మస్ పెళ్లాంతో తన ఎత్తు బండిలో వెనక వస్తున్నాడు. ఎర్రమట్టి అయిపోయి తెల్ల ఇసక మొదలైన చోట ఉర్సులా దిగి, ఇసకలో దిగబడకుండా టైర్లలో కొంత గాలి తీసింది. టైర్లు ఉబ్బిన పాదాల్లా పరుచుకున్నాయి. తర్వాత దారి పొడుగునా పడవ అడుగు ఇసక మిట్టను రాసుకుంటూ జారిపోయింది. ఆ చప్పుడు వింటూ ఫిలొమీనా కళ్లు మూసుకుంది.

సముద్రం వాసన తగులుతుండగా, ఆఖరి దిబ్బ ఎక్కుతూ బండి ఆగిపోయింది. పొట్ట ఇసక మీద ఆనింది. చక్రాలు ఒక్క చుట్టు తిరిగాయో లేదో ఉర్సులా కాలు తీసేసింది. ఇంకా తిప్పితే ఇంకా దిగుతుంది.

"వచ్చేశామా?" అంది ఫిలొమీనా.

"లేదు పెద్దమ్మా. కూర్చుండిపోయింది."

కాస్మస్ వచ్చి, వంగి కింద చూశాడు. ఎగతాళి చెయ్యలేదు. అదే ఉర్సులాకు ఎక్కువ గుచ్చుకుంది.

"అమ్మా, ఇంకెంతో లేదే. నా బండెక్కు. నేనొక్కణ్ణే ఎత్తుకుంటా, ఇంకెవర్నీ రానివ్వను. నవ్వేవాడెవడూ లేడిక్కడ."

ఫిలొమీనా ఎదర అద్దంలోంచి ముందుకే చూస్తోంది. ఉర్సులా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇన్ని నెలల పని కళ్లముందు తిరిగింది. నోటిదాకా వచ్చింది, పోనీ వాడి బండెక్కు పెద్దమ్మా అని. పిల్లల కోసమైనా అని. నిజానికి సగం అనేసింది.

"పోనీ పెద్దమ్మా..."

"నేను దిగితే అక్కడే దిగుతా, నా అంతట నేను. కాదంటే ఇంటికి తిప్పండి."

కాస్మస్ తన బండిని చూశాడు, గాడుల్ని చూశాడు. తర్వాత వెళ్లి తాడు తెచ్చి ఉర్సులా బండిని వెనక్కి లాగాడు. తన టైర్లలో ఉన్న గాలి చాలామటుకు తీసేశాడు. పొదల మీంచి చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ఒక పక్క చక్రాల్ని సరిగ్గా ఆ నడిమి మిట్ట మీద పెట్టి నడిపాడు. అంత ఎత్తు బండి పక్కకి ఒరిగి, తాగినవాడిలా తూలుతూ పోయింది. కొమ్మ తగిలి పైన ఒక లైటు పగిలింది. ఆగలేదు. చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయాడు. ఆ భారీ టైర్ల కింద మిట్ట అణిగి గాడుల్లోకి జారింది. మిగిలింది పిల్లలు కాళ్లతో తొక్కారు. కాస్మస్ ఏదైనా జోకు వేస్తాడేమోనని పెళ్లాం చూసింది. వెయ్యలేదు, చెమట తుడుచుకుని చెయ్యి ఊపాడు.

ఉర్సులా రెండో గేరులో, ఆపకుండా, తొందరపడకుండా తోలింది. పడవ అడుగు ఒక్కసారి గీరుకుంది. ఇంకోసారి గీరుకుంది. బండి దిబ్బ దాటింది.

కింద సముద్రం. నీళ్లకు కాస్త ఇవతల చదును చూసి ఆపింది. ఎవరూ దిగలేదు, పిల్లలు కూడా. ఫిలొమీనా డోరు తెరిచింది. కుడిచేత్తో పిడి పట్టుకుంది. మెట్టు మీద ఒక కాలు, తర్వాత రెండోది. ఇసక మీద ఒక కాలు, తర్వాత రెండోది. పిడి వదిలేసి, లంగా సర్దుకుని, నిటారుగా నిలబడింది. అప్పుడు కేకేసింది. ఆ ఒంట్లో అంత గొంతు ఉందని ఉర్సులాకు కూడా తెలియదు. ఒక్కొక్కరినీ పిలిచి పక్కన నిలబెట్టుకుని, పేరు చెప్పి, ఎవరి బిడ్డో చెప్పింది. నీళ్లు దోసిట్లో తీసి వాళ్ల తలల మీద పొయ్యమని కాస్మస్‌కు చెప్పింది. అతను పోస్తూ ఏడుస్తున్నాడు. దాచుకోలేదు.

పిల్లలు నీళ్లలోకి పరిగెత్తారు. ఉర్సులా బండి దగ్గరే ఉండిపోయింది, చేతులకు అంటిన ఇసకా గ్రీజూ ప్యాంటుకు రాసుకుంటూ. ఫిలొమీనా వెనక్కి తిరగకుండానే పిలిచింది.

"ఒసే ఉర్సులా."

"ఏం పెద్దమ్మా?"

"నా అంతట నేను రావడం చూశారుగా వాళ్లు. ఇంక చాల్లే. మోకాళ్లు నిలబడనివ్వట్లేదు, వచ్చి ఎత్తుకుని నీళ్లదాకా తీసుకెళ్లు."

ఉర్సులా ఎత్తుకుంది.